బ్రేకు వదిన ఇంజిను తాళం

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె బ్రేకు వదినే. అసలు పేరు ఉండే ఉంటుంది, పిలిచే నాథుడు లేక మూలన పడింది. ఈ పేరు పెట్టింది పక్క షెడ్డులో కిటికీ చువ్వలు అతికే వెల్డరు. వాడు సరదాకే పెట్టాడు గానీ, అంతకన్నా సరైన పేరు వెతికినా దొరకదు.

ఆమె భర్త పాత మోటారు సైకిళ్ళు బాగుచేసే మేస్త్రి. ముందు షెడ్డు, వెనక ఇల్లు, మధ్యలో ఒకే ఒక్క తలుపు. తయారుచేసిన కంపెనీలే మూతపడిపోయిన బళ్ళు ఆయన దగ్గరికి వస్తుంటాయి. అలాంటి ఇంజిను విప్పడంలో మొదట్లోనే ఒక చిక్కుంది. లోపలి పెద్ద నట్టు మీద స్పానరు వేసి లాగితే నట్టు ఊడి రాదు, దానితో పాటు ఇంజినంతా గిర్రున తిరుగుతుంది. తిరగకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి. బండిని గేరులో పెట్టి వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం కదలదు. చక్రం కదలకపోతే దానికి ముడిపడి ఉన్న ఇంజినూ కదలదు. ఆ తొక్కే మనిషి వదిన.

"ఏమే, ఓసారి వచ్చి తొక్కు!" అని షెడ్డులోంచి కేక వినబడగానే పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి బ్రేకు మీద నిలబడేది. కడుపుతో ఉన్నప్పుడు కూడా నిలబడింది. వేరే ఊళ్ళో కాపురం చేసుకుంటున్న కూతురు, "నేను పుట్టకముందే షెడ్డులో ఉద్యోగం చేశాను, ఒక్క నెల జీతం ఇచ్చారా నాన్నా?" అని ఇప్పటికీ తండ్రిని ఏడిపిస్తుంది.

నిలబడటమే గదా, బస్తాని పెట్టినా నిలబడుతుంది అనుకునేరు. బస్తాకి అరికాలు ఉండదు. స్పానరు మీద ఆయన బలం వేసిన కొద్దీ ఆ బలం ఇంజినులోంచి, గేర్లలోంచి, చక్రంలోంచి వచ్చి బ్రేకు మీద ఉన్న ఆమె పాదానికి తగిలేది. నట్టు వదులవుతుంటే ఒక రకంగా, ఇరుసు మీద నట్టు ఎక్కే మరలు నలిగిపోతుంటే ఇంకో రకంగా. "ఆగండి, అది ఊడటం లేదు, నలుగుతోంది" అని వదిన అన్న ప్రతిసారీ మేస్త్రి విసుక్కునేవాడు, విసుక్కుంటూనే ఆగేవాడు. ఆగినందువల్ల ఎన్ని ఇంజిన్లు బతికాయో ఆయన నోటితో ఒక్కనాడూ ఒప్పుకోలేదు. మొగుళ్ళ నోళ్ళు కొన్ని విషయాల్లో తుప్పు పట్టిన నట్లకన్నా గట్టివి.

అలా ఏళ్ళకేళ్ళు తొక్కగా తొక్కగా ఆమె మోకాలు మొరాయించింది. దాని మీద బరువు మోపొద్దని ఎముకల డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. అదే కాలంలో మేస్త్రి కుడి భుజం కూడా పట్టేసింది. చెయ్యి ఎత్తి తల దువ్వుకోవడానికే తల ప్రాణం తోకకొచ్చేది, ఇక పెద్ద స్పానరు లాగడం ఎక్కడ? ఇంజిన్లు విప్పే పనులు మానేసి, వైర్లు మార్చడం, ఆయిలు పోయడం లాంటి తేలిక పనులతో నెట్టుకొస్తున్నాడు. అదిగో, అప్పుడు వచ్చింది వదిన అమ్మగారి బండి గొడవ.

వదిన తల్లి కాన్పులు చేసే నర్సు. ఆడది సైకిలెక్కితేనే వీధి వీధంతా గుడ్లప్పగించి చూసే రోజుల్లో ఆమె మోటారు సైకిలు నడిపింది. వాన రానీ, బురద రానీ, వెనక సీటు మీద మందుల పెట్టె కట్టుకుని, పిలిచిన ఇంటికల్లా వెళ్ళి బిడ్డను బయటికి తీసి వచ్చేది. ఆమె పోయాక బండి కూతురి ఇంటికి చేరింది. అప్పటికే ఇంజిను బిగుసుకుపోయి ఉంది. మేస్త్రి దాన్ని షెడ్డు చివర నిలబెట్టి టార్పాలిన్ కప్పి, "ఈ పనులు కానీ, చూద్దాం" అన్నాడు. ఊరి బళ్ళన్నీ బాగయ్యాయి గానీ ఆ చూద్దాం మాత్రం రాలేదు. వదిన అడిగీ అడిగీ ఊరుకుంది. ఊరుకుందే తప్ప మర్చిపోలేదు.

పాత బళ్ళ పిచ్చి ఉన్న పంటి డాక్టరు ఒకాయన ఏదో పనిమీద షెడ్డుకొచ్చి, టార్పాలిన్ ఎత్తి చూసి, అక్కడే మనసు పారేసుకున్నాడు. నడిచినా నడవకపోయినా ఫర్వాలేదు, శుభ్రంగా తళతళలాడించి తన ఆస్పత్రి హాల్లో చేపల తొట్టి పక్కన నిలబెట్టుకుంటానన్నాడు. ఆదివారం పొద్దున వ్యాను వేసుకుని వచ్చి తీసుకెళ్తానన్నాడు. మేస్త్రి కాదనలేదు. ఆ సంగతి రాత్రి అన్నాల దగ్గర నెమ్మదిగా బయటపెట్టాడు.

వదిన ఒంటికాలి మీద లేచింది. మోకాలు బాగుంటే రెండు కాళ్ళ మీదా లేచేది.

"మా అమ్మ బండి చేపల పక్కన నిలబెట్టడానికా? నన్నొక్క మాట అడిగారా?"

"అడిగితే ఒప్పుకోవని అడగలేదు."

"మీకే తెలుసన్నమాట ఒప్పుకోనని!"

మేస్త్రి కంచంలో అన్నం కాస్త కెలికాడు. తర్వాత ఉన్నమాట చెప్పాడు. "చూడు, నా భుజం సంగతి నీకు తెలుసు. ఆ ఇంజిను నేనిక విప్పలేను. ఎవడికో ఇస్తే పాడుచేస్తాడు. ఇక్కడే ఉంచితే తుప్పు తినేస్తుంది. కనీసం ఆయన తుడుచుకుంటూ చూసుకుంటాడు."

"మీరు విప్పలేకపోతే నేను విప్పుతాను."

మేస్త్రి నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"బ్రేకు తొక్కడం, ఇంజిను విప్పడం ఒకటేనా? మీ అమ్మ అంతకాలం నడిపింది గదా, ఆవిడకి మాత్రం నట్టుకీ బోల్టుకీ తేడా తెలుసా? నడపడం వేరు."

"అమ్మకి తెలియదు. నాకు తెలుసు. మీ పక్కన నిలబడి చూశాను."

"సరే, ఆ పెద్ద నట్టు ఒక్కటి ఊడదియ్యి. ఇరుసు విరక్కుండా, అది బిగించి ఉన్న పళ్ళచక్రం పళ్ళు రాలకుండా. తీస్తే అమ్మకం మాట ఎత్తను. ఇంజిను సామాను ఎక్కడున్నా వెతికి తెచ్చే పూచీ నాది. తియ్యలేకపోతే ఆదివారం డాక్టరు గారికి అడ్డం పడకూడదు."

"ఆదివారం దాకా ఎందుకు, రేపే మొదలుపెడతా" అని వదిన ఆయన ముందున్న కంచం తీసేసింది. ఆయన ఇంకా తినడం అవలేదు.

మర్నాడు వెల్డరు సాయంతో ఇంజినుని బండిలోంచి దించి ఇనప బల్ల మీద పెట్టి బోల్టులు బిగించారు. పైభాగం విప్పి, సిలిండరులో కిరసనాయిలూ నూనే పోసి నానబెట్టింది వదిన. రోజూ కట్టె ముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టేది. చివరికి పిస్టన్ ఒక్క మూలుగు మూలిగి కదిలింది. అంతే, కొత్త చిక్కు మొదలైంది. బిగుసుకున్నంత కాలం ఇంజిను తనకు తానే తాళం. కదిలాక అదీ అన్ని ఇంజిన్లలాగే నట్టుతో పాటు తిరగడం నేర్చింది. బల్ల మీద ఉన్న ఇంజినుకి చక్రం ఎక్కడిది, బ్రేకు ఎక్కడిది? ఉన్నా తొక్కే మోకాలు ఎక్కడిది?

మేస్త్రి కుర్చీ వేసుకుని కూర్చుని ఊరుకోలేక సలహాలు మొదలుపెట్టాడు. "ఆ పళ్ళచక్రం సందులో పెద్ద స్క్రూడ్రైవరు దూర్చు, ఆగుతుంది."

"ఆగుతుంది, పన్ను రాలుతుంది. రాలిన పళ్ళు డాక్టరు గారు కట్టిస్తారా?"

"పోనీ పిస్టన్ కిందున్న రాడ్డులోంచి కడ్డీ దూర్చి అడ్డం వెయ్యి. అందరూ చేసే పనే."

"కడ్డీ ఆనేది ఇంజిను అంచు మీద. అది అల్యూమినియం, బిస్కెట్టులా విరుగుతుంది. లేదా రాడ్డు వంగుతుంది. మీరే ఎవరినో తిడుతుండగా విన్నాను."

ఇన్నేళ్ళూ తను తిట్టిన తిట్లన్నీ బ్రేకు మీద ఒకరు నిలబడి వింటూ ఉన్నారన్న సంగతి మేస్త్రికి అప్పుడే తట్టినట్టుంది.

వదిన ఆలోచన సూటిగా ఉంది. నట్టు ఏ పళ్ళచక్రాన్ని బిగించి ఉందో ఆ చక్రాన్నే పట్టుకోవాలి. బలం అక్కడ మొదలై అక్కడే ఆగాలి, ఇంజినులో ఇంకే భాగానికీ చీమ కుట్టినంత నొప్పి తెలియకూడదు. ఆ చక్రానికి కరెక్టుగా అతుక్కునేది ప్రపంచంలో ఒకటే ఉంది, దాని మీద తిరిగే చెయిను. కాబట్టి అరిగిపోయిన పాత చెయిను ముక్క ఒకటి ఇనప పట్టీకి అతికి, ఆ చెయినుని చక్రం చుట్టూ తిప్పి బిగిస్తే చక్రానికి పొడుగాటి చెయ్యి మొలుస్తుంది. ఆ చేతిని బల్లకు బిగించిన ఇనప దిమ్మకు ఆనిస్తే ఇంజినుకి తాళం పడినట్టే. షెడ్డు నేల మీద కూర్చుని, మోకాలు చాపుకుని, సుద్దముక్కతో ఇదంతా గీసి వెల్డరుకి చూపించింది.

వెల్డరు తలకాయ గోక్కున్నాడు. "వదినా, నేను కిటికీలు చేసుకునేవాణ్ణి. ఇది పగిలి నీ మొహానికి తగిలితే అన్న నా ప్రాణం తీస్తాడు."

"మీ అన్న ప్రాణం తీసే స్థితిలో లేడు, భుజం పట్టేసింది. నువ్వు అతుకు సరిగ్గా వెయ్యి తమ్ముడూ."

మొదటి తాళం పనికిరాలేదు. పట్టీ పల్చన, లాగేసరికి విల్లులా వంగింది. రెండోదానికి గేటుకు వాడే మందపాటి పట్టీ వేశారు. అది వంగలేదు గానీ, అతుకు పైపైనే పడి చెయిను ముక్క ఊడిపోయి, వదిన స్టూలు మీంచి వెనక్కి పడబోయింది. మేస్త్రి కుర్చీలోంచి లేచి, "చాలించవే, మోకాలుతో పాటు నడుం కూడా పోతుంది" అన్నాడు. ఆమె ఆయన మాట చెవిన వేసుకోలేదు. ఊడిన చెయిను ముక్క తీసి వెల్డరు చేతిలో పెట్టి, "ఈసారి రెండు వైపులా" అంది. వెల్డరుకి కూడా పంతం పట్టుకుంది. కిటికీల పని పక్కన పెట్టి, ఇనుము ఎర్రగా కాలేదాకా కూర్చుని అతికాడు. నన్నడిగితే, ఆ వీధిలో వాడు వేసిన అన్ని అతుకుల్లోనూ అదే మొనగాడు.

ఆదివారం రానే వచ్చింది. డాక్టరు ఇంకా రాలేదు. వదిన చెయిను చక్రానికి చుట్టి, తాళం చేతిని ఇనప దిమ్మకు ఆనించింది. నట్టు కింద నల్లగా మకిలి పట్టిన రేకు వాషరు ఉంది. నట్టు తనంతట తాను వదులవకుండా ఆ రేకు చెవిని నట్టు మీదికి మడిచి కొడతారు. ఆ చెవిని ఉలితో మెల్లగా లేపి చదును చేసింది. మేస్త్రి ముందుకు వంగి చూశాడు.

"ఈ వాషరు కంపెనీది కాదు. ఎవడో చేత్తో కోశాడు. వంకర చూడు."

"ఎవడైతేనేం, లేచింది" అని వదిన స్పానరు వేసి, దానికి పొడుగాటి గొట్టం తొడిగి, స్టూలు మీద కూర్చుని రెండు చేతులా లాగింది. తాళం దిమ్మకు కరుచుకుని కిర్రుమంది. చక్రం కదలలేదు. నట్టూ కదలలేదు. ఊపిరి తీసుకుని ఒంటి బరువంతా వేసి మళ్ళీ లాగింది. ఈసారి గొట్టం వెంట్రుకవాసి జరిగింది.

"వస్తోంది! వస్తోంది! ఆపకు!" అని మేస్త్రి కుర్చీలో ఎగిరాడు.

వదిన ఆపేసింది.

అరిచేతులు గొట్టం మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ అరికాలికి తెలిసే సంగతి ఇప్పుడు అరిచేతులకు తెలుస్తోంది. ఊడే నట్టు జరిగాక చేతికి కాస్త తేలికవుతుంది. ఇది జరిగిన కొద్దీ బరువెక్కుతోంది. పైగా బ్రేకయితే మనిషి పాదం కాబట్టి ఎక్కడో ఒకచోట జారి వదిలేది. ఈ తాళం వదలదు, ఇరుసు విరిగేదాకా పట్టుకునే ఉంటుంది. ఇంకొక్క లాగు లాగితే అమ్మ ఇంజిను రెండు ముక్కలు.

"ఇది వదలడం లేదండీ. బిగుస్తోంది."

"నీ మొహం, నేను కళ్ళారా చూశా గదా కదలడం..." అంటూ మేస్త్రి మధ్యలో ఆగిపోయాడు. "ఒసేయ్... ఇది రివర్సు త్రెడ్డు కాదు గదా? కొన్ని పాత బళ్ళకి ఇటువైపు నట్టు ఎదురు తిప్పితేనే ఊడుతుంది. నేను ఈ రకం బండి ఒక్కటీ విప్పలేదు. నాకు తోచనే లేదు."

"తోచనప్పుడు ఆపకు ఆపకు అని అరవడం ఎందుకు?" అంది వదిన.

తాళం ఊడదీసి, తిరగేసి, చెయ్యి దిమ్మకు అవతలి పక్క ఆనేట్టు మళ్ళీ బిగించింది. స్టూలు కూడా అటు జరుపుకుంది. వెల్డరు తన షెడ్డులో మిషను ఆపేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వదిన ఇప్పటిదాకా లాగిన వైపు కాకుండా ఎదురు వైపుకి లాగింది. కణతల మీద నరాలు ఉబ్బాయి. తుపాకీ పేలినట్టు ఫట్‌మంది. అయిపోయింది, విరిగింది అనుకుని మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వదిన గొట్టం పక్కన పెట్టి, నట్టుని వేళ్ళతో తిప్పుతోంది. అది సీసా మూతలా ఊడి వచ్చింది.

వెల్డరు ఈల వేశాడు. మేస్త్రి చెయ్యి చాపితే ఆమె నట్టుని ఆయన అరిచేతిలో పెట్టింది. ఆయన ఇరుసు మీద మరలు తడిమి చూశాడు. ఒక్కటీ నలగలేదు. చక్రం పళ్ళు చూశాడు. ఒక్కటీ రాలలేదు. "ఊడింది" అన్నాడు.

వదిన అప్పటికే వాషరు తీసి గుడ్డతో తుడుస్తోంది. ఒకసారి మడిచిన వాషరు మళ్ళీ వాడకూడదు, కొలతకి దాచుకుందామని తుడుస్తోంది. మకిలి వదిలిన కొద్దీ దాని అడుగు పక్క రంగు బయటపడింది. ఆకుపచ్చ రంగు. ఆస్పత్రి గోడలకు వేసే ఆ బూజు ఆకుపచ్చ, వాళ్ళమ్మ మందుల పెట్టెది.

చిన్నప్పుడు ఆ పెట్టె అడుగున అరచెయ్యంత మేర గాయాలకు వేసే ప్లాస్టరు అంటించి ఉండేది. "పెట్టెకి ఏమైందమ్మా?" అని అడిగితే, "దెబ్బ తగిలింది, కట్టు కట్టాను" అనేది అమ్మ. పిల్ల నమ్మేసింది. పెట్టెకి నొప్పి పుడుతుందేమోనని ఆ కట్టు మీద చెయ్యి వేయకుండా తిరిగేది.

"అమ్మే కోసింది" అంది వదిన.

"ఏమిటీ?"

"ఈ వాషరు. మా అమ్మ తన పెట్టె రేకు కోసి చేసుకుంది. ఈ నట్టు అమ్మ ఊడదీసిందండీ. ఊడదీసి, బాగుచేసుకుని, మళ్ళీ బిగించింది." అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. ఎక్కడ ఆగిపోయిందో ఆ బండి, ఏ ఇంట్లో ఏ బిడ్డ రాబోతూ ఉందో. ఇంజినుకి ఏం అడ్డం పెట్టిందో, పట్టుకోవడానికి ఎవరైనా వచ్చారో, ఎవరూ రాలేదో. ఇది ఎదురు తిరిగే నట్టు అని ఆమెకు ఎవరు చెప్పారో. బతికినంత కాలం కూతురికి ఒక్క మాట చెప్పలేదు. చెప్పేంత పెద్ద పని అనుకోలేదేమో. కూతురు మాత్రం అమ్మకు నట్టూ బోల్టూ తెలియదని నిన్న మొన్నటిదాకా తనూ అంటూ వచ్చింది. అది తలుచుకుని సిగ్గుపడింది, ఆ సిగ్గులోనే బోలెడంత గర్వపడింది.

మేస్త్రి వాషరు అందుకుని అంచు వెంట వేలు తిప్పాడు. వంకర అన్న నోటితోనే, "కత్తెరతో కోసింది పాపం, అయినా కొలత తప్పలేదు" అన్నాడు.

బయట వ్యాను ఆగిన చప్పుడయింది. పంటి డాక్టరు ఇద్దరు కూలీలను వెంటబెట్టుకుని నవ్వుకుంటూ దిగాడు. మేస్త్రి బల్ల మీదున్న గుడ్డ తీసి భుజాన వేసుకుని ఎదురెళ్ళాడు.

"క్షమించాలి డాక్టరు గారూ, బండి అమ్మకానికి లేదు. దాని మెకానిక్కు ఒప్పుకోవడం లేదు."

డాక్టరు ఆశ్చర్యపోయాడు. "దాని మెకానిక్కు మీరే కదండీ?"

"నేను కాదండీ" అన్నాడు మేస్త్రి. "ముందు వాళ్ళ అమ్మ. ఇప్పుడు ఈవిడ."

వదిన ఆ మాట విన్నది. తల మాత్రం ఎత్తలేదు. మోకాలు చాపుకుని నేల మీద కూర్చుని, అమ్మ కోసిన వాషరుని కొత్త రేకు మీద పెట్టి, మేకుతో దాని చుట్టూ గీత గీస్తోంది.